బ్యాటరీనా.. సోలారా.. హైడ్రోజనా? జుమ్మేరాత్ బజార్ మోటార్‌తో ఆర్‌సీ రేసు కారు.. స్టూడెంట్స్ కచ్చితంగా వేసుకోవాల్సిన లెక్క ఇదీ!

ధూల్‌పేట్ అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేవి వినాయక విగ్రహాలు, ఆ తర్వాత సంక్రాంతి పతంగులు. ఇంజినీరింగ్ కాలేజీల కుర్రాళ్లను అడిగితే ఇంకో పేరు చెబుతారు.. జుమ్మేరాత్ బజార్. గురువారం వచ్చిందంటే చాలు, పురానాపూల్ దగ్గర రోడ్డు పక్కన పాత సామాన్ల సంత పరుచుకుంటుంది. తుప్పు పట్టిన పానాల నుంచి పనిచేస్తాయో లేదో తెలియని డ్రిల్లింగ్ మెషిన్ల దాకా అన్నీ గుట్టలే. ఆ గుట్టల్లో చిన్న చిన్న డీసీ మోటార్లు, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు, విరిగిన రిమోట్ కార్ల గేర్లు వెతుక్కునే కుర్రాళ్లకు కావాల్సింది ఒక్కటే. తక్కువ ఖర్చులో ఓ రేసు కారు.

సొంతంగా తయారు చేసిన రేడియో కంట్రోల్ కారు, అంటే ఆర్‌సీ కారుతో టెక్‌ఫెస్టుల్లో పోటీ పడాలన్నది వాళ్ల కోరిక. ఛాసిస్ ఎలాగోలా కుదురుతుంది, చక్రాలు దొరుకుతాయి, మోటార్ తిరుగుతుంది. చిక్కంతా కరెంట్ దగ్గరే వస్తుంది. మామూలు బ్యాటరీ పెట్టాలా? సోలార్ ప్యానెల్ పెడితే జడ్జీలు మెచ్చుకుంటారా? హైడ్రోజన్ అంటున్నారు కదా, అది కుదురుతుందా? ఈ ప్రశ్నలకు సమాధానం ఇన్‌స్టా రీల్స్‌లో దొరకదు. కాస్త లెక్క వేయాలి.

హైదరాబాద్‌లో ఈ క్రేజ్ ఎందుకు?

2023 ఫిబ్రవరి 11. హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.83 కిలోమీటర్ల ట్రాక్‌పై భారత్‌లో తొలి ఫార్ములా-ఈ రేసు జరిగింది. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. రెండో ఏడాది, అంటే 2024 ఫిబ్రవరి 10న జరగాల్సిన రేసు మాత్రం ఆ ఏడాది జనవరిలోనే రద్దయింది. ఆ తర్వాత దాని చుట్టూ నడిచిన రాజకీయం అందరికీ తెలిసిందే, ఇక్కడ దాని సంగతి అక్కర్లేదు.

స్టూడెంట్స్‌కు పనికొచ్చే విషయం వేరే ఉంది. ఆ రేసులో గెలుపోటములు కేవలం స్పీడు మీద తేలవు. బ్యాటరీలో ఉన్న ఎనర్జీని చివరి ల్యాప్ దాకా ఎలా వాడుకున్నారన్నది అసలు ఆట. రేసులో వాడే ఎనర్జీలో కనీసం 40 శాతం బ్రేకులు వేసినప్పుడు తిరిగి వచ్చేదేనని ఫార్ములా-ఈ నిర్వాహకులు మూడో తరం కార్ల గురించి చెబుతారు. పదో వంతు సైజులో చేసుకునే ఆర్‌సీ కారుకూ ఇదే సూత్రం. కాకపోతే అంకెలు చిన్నవి.

ముందు ఇది అర్థమైతే చాలు: ట్యాంకు, నల్లా

పాతబస్తీలో ఎవరికైనా అర్థమయ్యే ఉదాహరణ నీళ్ల ట్యాంకు. డాబా మీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఉంది. కానీ కింద అరంగుళం నల్లా పెడితే నీళ్లు సన్నగానే వస్తాయి. ట్యాంకులో ఎన్ని నీళ్లున్నాయన్నది ఒక లెక్క, నల్లాలోంచి ఒక్కసారిగా ఎన్ని వస్తాయన్నది ఇంకో లెక్క. బ్యాటరీ విషయంలో మొదటి దాన్ని వాట్-అవర్లలో కొలుస్తారు. రెండో దాన్ని వాట్లలో కొలుస్తారు. ఆర్‌సీ కారు ప్రాజెక్టుల్లో సగం ఈ రెండింటినీ కలిపేయడం వల్లే దెబ్బతింటాయి.

ఇప్పుడు అసలు లెక్క. 1/10 స్కేల్ కారు, అంటే అసలు కారులో పదో వంతు ఉండేది, దాదాపు 40 సెంటీమీటర్ల పొడవు, రెండు కిలోలకు అటూ ఇటూ బరువు ఉంటుంది. ఇందులో పాతకాలం పద్ధతిలో ఆరు సెల్స్ ఉన్న నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్ పెట్టారనుకుందాం. 7.2 వోల్టులు, 3000 ఎంఏహెచ్. రెండూ గుణిస్తే 21.6 వాట్-అవర్లు. ఆ ప్యాక్‌తో కారు 15 నిమిషాలు గట్టిగా పరిగెత్తిందంటే సగటున దాదాపు 86 వాట్లు లాగినట్టు. ఇది సగటు మాత్రమే. నిలబడ్డ కారును ఒక్కసారిగా ఉరికించినప్పుడు కొన్ని క్షణాల పాటు అది వందల వాట్లకు వెళ్తుంది.

ఈ 86 అనే అంకెను గుర్తుపెట్టుకోవాలి. కింద చెప్పే ప్రతి పవర్ సోర్స్ దీని ముందు నిలబడాల్సిందే.

ఈరోజు ఎక్కువమంది వాడేది లిపో, అంటే లిథియం పాలిమర్ బ్యాటరీ. రెండు సెల్స్ ఉన్న 7.4 వోల్టుల, 5000 ఎంఏహెచ్ ప్యాక్‌లో 37 వాట్-అవర్లు ఉంటాయి. బరువు పాత నికెల్ ప్యాక్ కంటే తక్కువ, నల్లా మాత్రం చాలా పెద్దది. ఒక్కసారిగా పదుల ఆంపియర్లు ఇచ్చేస్తుంది. అందుకే రేసుల్లో దీన్ని కొట్టేది ఇప్పటికీ లేదు. అంత కరెంట్ ఒక్కసారిగా ఇవ్వగలిగేదే అంత వేడినీ ఒక్కసారిగా పుట్టించగలదు. ఇబ్బంది అక్కడే.

పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ: చౌకే, కానీ..

జుమ్మేరాత్ బజార్‌లో కనిపించే లావుపాటి పాత ల్యాప్‌టాప్ బ్యాటరీని విప్పితే లోపల పెన్‌టార్చ్ సెల్ కంటే కాస్త లావుగా స్థూపాకారంలో ఆరో, ఎనిమిదో సెల్స్ ఉంటాయి. వీటి పేరే 18650. అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. ప్యాక్ మొత్తం చచ్చిపోయిందని పారేసినా, చాలాసార్లు అందులో ఒకటో రెండో సెల్స్ మాత్రమే పాడై ఉంటాయి. మిగతావి బతికే ఉంటాయి. అందుకే యూట్యూబ్ చూసి వీటిని విప్పి, వైర్లు అతికించి ప్యాక్ కట్టేవాళ్లు ఎక్కువయ్యారు.

ఇందులో మొదటి సమస్య నల్లా సమస్యే. ల్యాప్‌టాప్ నిదానంగా కరెంట్ తాగే వస్తువు. దాని కోసం చేసిన సెల్ నాలుగైదు ఆంపియర్లకు మించి లాగితే వేడెక్కుతుంది, వోల్టేజ్ పడిపోతుంది. ఆర్‌సీ కారు స్టార్టింగ్‌లో అడిగేది 30 ఆంపియర్లో, ఇంకా ఎక్కువో. మూడు సెల్స్ పక్కపక్కన కలిపి కట్టినా 12 నుంచి 15 ఆంపియర్ల దగ్గరే ఆగిపోతుంది. అంటే డ్రాగ్ రేసు లాంటి పోటీకి ఇవి పనికిరావు. గంట సేపు నెమ్మదిగా తిరిగే ఎండ్యూరెన్స్ పోటీకి మాత్రం, సరిగ్గా కడితే, పర్వాలేదు.

రెండోది అంకెల మోసం. సెల్ మీద 9900 ఎంఏహెచ్ అని రాసి అమ్మేవి రోడ్డు మీదే కాదు, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. పేరున్న కంపెనీల మంచి 18650 సెల్ కెపాసిటీయే 3500 ఎంఏహెచ్ చుట్టుపక్కల ఉంటుంది. ఆ సైజులో 9900 రాసి ఉందంటే కొనకుండా ముందుకు నడవడమే మంచిది.

మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది. ఈ కథనం రాయడానికి అసలు కారణం కూడా అదే. లిథియం సెల్‌ను 4.2 వోల్టులు దాటి ఛార్జ్ చేసినా, లోపల షార్ట్ అయినా, దెబ్బ తగిలి ఉబ్బినా అది తనంతట తానే వేడెక్కుతూ పోతుంది. ఆ వేడికి లోపలి రసాయనాలు విడిపోయి మండే వాయువులు వస్తాయి. ఒక సెల్ అంటుకుంటే పక్క సెల్‌కు, అక్కడి నుంచి ఇంకో సెల్‌కు మంట పాకుతుంది. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఓ భవనం కింది భాగంలో ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచి, పై అంతస్తుల్లోని లాడ్జిని పొగ కమ్మేయడంతో 8 మంది ప్రాణాలు పోయాయి. ఆర్‌సీ కారు బ్యాటరీ స్కూటర్ బ్యాటరీ అంత పెద్దది కాదు, నిజమే. కానీ అది అంటుకునేది ఎక్కడ? ఇంట్లో, పరుపు పక్కన, రాత్రి ఛార్జింగ్ పెట్టి పడుకున్నప్పుడు.

ధూల్‌పేట్ లాంటి చోట ఈ భయం ఇంకో మెట్టు ఎక్కువే. సీజన్‌లో అక్కడ ఒక్కో గల్లీలో ఇంటి ముందు భాగమే విగ్రహాల కార్ఖానా. కొబ్బరి పీచు, గోనె గుడ్డ, పెయింట్ డబ్బాలు, థిన్నర్.. అన్నీ అగ్గి కోసం ఎదురుచూసే సరుకే. ఫైరింజన్ లోపలికి వచ్చే వెడల్పు కూడా లేని గల్లీలు ఎన్నో. అందుకే కొన్ని పద్ధతులు పాటించక తప్పదు. ఉబ్బిన ప్యాక్‌ను ఛార్జ్ చేయొద్దు. ఒక్కో సెల్ వోల్టేజ్‌ను విడివిడిగా చూసుకునే బ్యాలెన్స్ ఛార్జర్ లేకుండా లిపో కొనొద్దు. 5000 ఎంఏహెచ్ ప్యాక్‌ను 5 ఆంపియర్ల కంటే ఎక్కువతో ఛార్జ్ చేయాల్సిన తొందర ఏ రేసుకూ ఉండదు. ఛార్జింగ్ పెట్టేది డాబా మీద, నీడలో, ఇసుక పోసిన మట్టి కుండలోనో కాంక్రీట్ మీదో. కొన్నాళ్లు వాడకుండా పక్కన పెట్టేటప్పుడు ఫుల్ ఛార్జ్ చేసి కాదు, సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర వదిలేయాలి. ఇక మనిషి పక్కన లేకుండా ఛార్జింగ్ అన్న మాటే వద్దు.

నైట్రో కార్లు: సారాయి కాదు, విషం

టెక్‌ఫెస్టుల్లో చెవులు చిల్లులు పడేలా అరుస్తూ, పొగ వదులుతూ తిరిగే కార్లు చూసే ఉంటారు. అవి నైట్రో కార్లు. బుల్లి టూ-స్ట్రోక్ ఇంజిన్ ఉంటుంది, నిమిషానికి 30 వేలకు పైగా తిరుగుతుంది. అందులో పోసేది పెట్రోల్ కాదు. ఎక్కువ భాగం మిథనాల్, కొంత నైట్రోమీథేన్, మిగతాది ఆయిల్.

ఆల్కహాల్‌తో కారు అనగానే ధూల్‌పేట్ మీద జోకులు వేసేవాళ్లు ఉంటారు. గుడుంబా పేరుతో ఆ పేట మోసిన ముద్ర చిన్నది కాదు. తెలంగాణ వచ్చాక ఎక్సైజ్ శాఖ గుడుంబాపై పెద్ద ఎత్తున దాడులు చేసింది, ఆ పని మానేసిన కుటుంబాలకు పునరావాసం అంటూ పథకాలూ వచ్చాయి. ఏ పని చేసుకుంటున్నా ఆ పాత పేరుతోనే పిలిపించుకోవడం అక్కడి కొత్త తరానికి విసుగే. కాబట్టి జోకులు పక్కన పెట్టి సైన్స్ చూస్తే, గుడుంబాలో ఉండేది ఇథనాల్, నైట్రో ఇంధనంలో ఉండేది మిథనాల్. చూడ్డానికి, వాసనకు ఒకేలా అనిపించినా మిథనాల్ కొద్దిగా కడుపులోకి వెళ్లినా చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. పైగా ఇది పగటి వెలుతురులో మండితే మంట దాదాపు కనిపించదు. వాటర్ బాటిల్‌లో పోసి బ్యాగులో పెట్టుకుని కాలేజీకి తీసుకెళ్లే అలవాటు ఏ టీమ్‌కైనా ఉంటే ఈరోజే మానేయాలి.

ఆల్కహాల్ నుంచి మంట లేకుండా నేరుగా కరెంట్ తీసే ఇథనాల్ ఫ్యూయల్ సెల్స్ కూడా ఉన్నాయి. స్కూళ్ల కోసం కిట్లుగా అమ్ముతారు. చిన్న ఫ్యాన్ తిప్పడానికి సరిపోతాయంతే. 86 వాట్ల దగ్గర వాటి ఊసే లేదు.

సోలార్: కారు మీద కాదు, డాబా మీద

సోలార్ రేసు కారు అనే ఆలోచన ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరికి వస్తుంది. దాన్ని ఆపడానికి ఒక్క లెక్క చాలు. మిట్ట మధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకు సుమారు వెయ్యి వాట్లు. కారు పైభాగం 40 సెంటీమీటర్లు బై 19 సెంటీమీటర్లు, అంటే 0.076 చదరపు మీటరు. దాని మీద పడే ఎండ 76 వాట్లు. మంచి ప్యానెల్ అందులో ఐదో వంతు కరెంట్‌గా మారుస్తుంది. అంటే 15 వాట్లు. కారు వంగుతుంది, నీడలోకి వెళ్తుంది, ప్యానెల్ వేడెక్కుతుంది.. చేతికొచ్చేది పదే అనుకోవాలి. కావాల్సింది 86. పైగా ఆ ప్యానెల్ బరువును కారు మోయాలి.

అదే ప్యానెల్‌ను కారు మీద నుంచి తీసి డాబా మీద పెడితే కథ మారిపోతుంది. 50 వాట్ల చిన్న ప్యానెల్ హైదరాబాద్ ఎండలో రోజుకు దాదాపు 200 వాట్-అవర్లు ఇస్తుంది. నష్టాలు పోగా నాలుగైదు లిపో ప్యాక్‌లు నిండుతాయి. సంక్రాంతికి పతంగులు ఎగరేసే డాబాయే మిగతా 360 రోజులు ఛార్జింగ్ స్టేషన్ అన్నమాట. దీన్ని సోలార్ కారు అంటారా అని జడ్జి అడిగితే, ఎండతో నిండిన బ్యాటరీతో నడుస్తోందని చెప్పొచ్చు. అందులో అబద్ధమేమీ లేదు.

సూపర్ కెపాసిటర్: నిమిషంలో ఫుల్, నిమిషంలో ఖాళీ

ప్రత్యామ్నాయాల్లో స్టూడెంట్స్ నిజంగా చేయి పెట్టి చూడాల్సింది ఇది. సూపర్ కెపాసిటర్‌లో బ్యాటరీలోలాగా రసాయన చర్య జరగదు. ఛార్జ్ కేవలం పలకల ఉపరితలం మీద అతుక్కుని ఉంటుంది. అందుకే నింపడం, ఖాళీ చేయడం రెండూ క్షణాల్లో అయిపోతాయి. లక్షల సార్లు నింపినా పెద్దగా అరిగిపోదు. ట్యాంకు, నల్లా భాషలో చెప్పాలంటే, ఇది చెంబంత ట్యాంకుకు ఫైరింజన్ పైపు తగిలించడం లాంటిది.

పెద్ద టార్చ్ సెల్ సైజులో ఉండే 2.7 వోల్టుల, 350 ఫారడ్ల కెపాసిటర్‌ను తీసుకుందాం. ఇందులో పట్టే ఎనర్జీ 0.35 వాట్-అవర్. మూడింటిని వరుసగా కలిపితే 8.1 వోల్టులు. రెండు సెల్స్ లిపో ఫుల్ ఛార్జ్ వోల్టేజ్ 8.4 కాబట్టి అదే మోటార్‌కు సరిగ్గా సరిపోతుంది. అలాంటి రెండు వరుసలు పెడితే మొత్తం 2.1 వాట్-అవర్లు. బరువు మూడువందల యాభై గ్రాముల పైనే, అంటే దాదాపు నికెల్ ప్యాక్ అంత. ఎనర్జీ మాత్రం దాని పదో వంతు.

ఇక్కడ చాలామంది బోల్తాపడే చోటు ఒకటుంది. బ్యాటరీ వోల్టేజ్ చివరిదాకా దాదాపు నిలకడగా ఉంటుంది, కెపాసిటర్ వోల్టేజ్ మాత్రం వాడేకొద్దీ మెట్లు దిగినట్టు దిగిపోతుంది. లిపోను కాపాడటానికి స్పీడ్ కంట్రోలర్‌లో ఒక కటాఫ్ ఉంటుంది, 6 వోల్టుల దగ్గర మోటార్‌ను ఆపేస్తుంది. కెపాసిటర్‌తో ఆ సెట్టింగ్ అలాగే ఉంచితే 8.1 నుంచి 6కు వచ్చేసరికి వాడుకున్నది 45 శాతమే. మిగతా 55 శాతం లోపలే ఉండిపోయి కారు ట్రాక్ మధ్యలో నిలబడిపోతుంది. కటాఫ్ తీసేసి సగం వోల్టేజ్ దాకా వాడితే 75 శాతం బయటకు వస్తుంది. అప్పుడు రిసీవర్‌కు, స్టీరింగ్ సర్వోకు వోల్టేజ్ చాలక కారు సిగ్నల్ వినడం మానేస్తుంది. వాటికి విడిగా చిన్న బ్యాటరీ పెట్టాలి.

ఇంత చేస్తే దక్కేది 1.6 వాట్-అవర్లు. 86 వాట్ల లెక్కన ఒక నిమిషం చిల్లర. నవ్వొచ్చే అంకెలా ఉంటుంది. కానీ రేసు ఫార్మాట్ మారిస్తే ఇదే బ్రహ్మాస్త్రం. రెండేసి ల్యాపులకు ఒక పిట్ స్టాప్, నిమిషంలోపు ఛార్జింగ్ అని రూల్ పెడితే టీమ్ మొత్తానికి పని దొరుకుతుంది. మంటల భయమూ లిథియంతో పోలిస్తే తక్కువే. కాకపోతే 2.7 వోల్టులు దాటి ఛార్జ్ చేస్తే ఇవీ ఉబ్బి పగులుతాయి, రెండు కొసలూ కలిస్తే స్పానర్‌ను కూడా వెల్డింగ్ చేసేస్తాయి.

హైడ్రోజన్: ఒక్క గ్రాము కూడా లేని ఇంధనం

ఇక అందరూ అడిగే హైడ్రోజన్ దగ్గరకొద్దాం. ప్రపంచంలో హైస్కూల్ పిల్లలు ఇప్పటికే ఈ కార్లతో రేసులు ఆడుతున్నారు. హారిజన్ ఎడ్యుకేషనల్ అనే సంస్థ నడిపే హెచ్2 గ్రాండ్ ప్రీ పోటీల్లో 1/10 స్కేల్ ఆర్‌సీ కార్లకు ఫ్యూయల్ సెల్, బ్యాటరీ రెండూ ఉంటాయి. రేసు గంటల తరబడి సాగుతుంది. ఎక్కువ ల్యాపులు తిరిగినవాళ్లదే గెలుపు.

ఫ్యూయల్ సెల్ పని ఇలా ఉంటుంది. ఒకవైపు హైడ్రోజన్, ఇంకోవైపు గాలి. మధ్యలో పల్చటి పొర. హైడ్రోజన్‌లోని ప్రోటాన్లు ఆ పొరలోంచి దాటిపోతాయి, ఎలక్ట్రాన్లకు మాత్రం అందులో దారి లేదు. అవి బయట వైరులోంచి చుట్టూ తిరిగి రావాలి. ఆ తిరుగుడే మనకు కరెంట్. రెండోవైపు ఆక్సిజన్‌తో కలిసి మిగిలేది నీళ్లు.

కారులో హైడ్రోజన్‌ను పెద్ద సిలిండర్‌లో పెట్టరు. టార్చ్ లైట్ అంత ఉండే డబ్బాలో లోహపు మిశ్రమం పొడి ఉంటుంది, స్పాంజి నీళ్లు పీల్చినట్టు అది హైడ్రోజన్‌ను పీల్చి పట్టుకుంటుంది. ఒక్కో చిన్న డబ్బాలో 10 లీటర్ల దాకా పడుతుంది. ఆ పది లీటర్ల బరువు ఎంతో తెలుసా? 0.9 గ్రాము! అందులో దాదాపు 30 వాట్-అవర్ల ఎనర్జీ ఉంటుంది. ఫ్యూయల్ సెల్ అందులో సగం లోపే కరెంట్‌గా మారుస్తుంది కాబట్టి 12 నుంచి 15 వాట్-అవర్లు చేతికొస్తాయి. ఈ సైజు కార్లకు వాడే ఫ్యూయల్ సెల్ సాధారణంగా 30 వాట్లది. అంటే ఒక డబ్బాతో అరగంట.

కావాల్సింది 86 వాట్లు, వచ్చేది 30. మరి కారు ఎలా నడుస్తుంది? అందుకే హైబ్రిడ్. ఫ్యూయల్ సెల్ ఆగకుండా 30 వాట్లు పోస్తూ ఉంటుంది. మలుపు దాటి ఉరికేటప్పుడు కావాల్సిన మిగతాది బ్యాటరీ ఇస్తుంది. నెమ్మదిగా వెళ్లేటప్పుడు మిగిలిన కరెంట్ మళ్లీ బ్యాటరీలోకి వెళ్తుంది. డ్రైవర్ ట్రిగ్గర్‌ను అదేపనిగా నొక్కిపెడితే పావుగంటకే బ్యాటరీ ఖాళీ, ఆ తర్వాత కారు ముప్పై వాట్లతో నత్తనడక. కారు సగటు వాడకాన్ని 30 వాట్ల దగ్గరకు ఎవరు దించగలిగితే వాళ్లదే రేసు.

ఇక్కడ హైదరాబాద్ వాతావరణం రెండు వైపుల నుంచీ ఆడుకుంటుంది. లోహపు డబ్బా హైడ్రోజన్‌ను వదిలేటప్పుడు చల్లబడిపోతుంది, చల్లబడితే గ్యాస్ సన్నగా వస్తుంది. చలి దేశాల్లో ఇది పెద్ద తలనొప్పి, మన మే నెల ఎండలో వరం. కానీ ఆ ఎండలోనే పొడిగాలికి ఫ్యూయల్ సెల్‌లోని పొర ఎండిపోతుంది. పొర తడిగా ఉంటేనే ప్రోటాన్లు దాటేది. అది ఎండితే 30 వాట్ల సెల్ కాస్తా 20కి పడిపోవచ్చు. డబ్బాకు ఎండ, సెల్‌కు నీడ.. బాడీ డిజైన్ చేసేవాళ్లు ముందు ఆలోచించాల్సింది ఇదే.

పర్యావరణం మాట కూడా నిజాయతీగా చెప్పుకోవాలి. 10 లీటర్ల హైడ్రోజన్ తీయడానికి నీళ్లు 8 మిల్లీలీటర్లు చాలు. కరెంట్ మాత్రం మంచి పెద్ద ప్లాంటులోనే 50 వాట్-అవర్లు పడుతుంది. టేబుల్ మీద పెట్టుకునే చిన్న యంత్రానికి ఇంకా ఎక్కువ. తిరిగి వచ్చేది 15 లోపు. అదే కరెంట్ లిపోలో పెడితే 90 శాతం దాకా వెనక్కి వస్తుంది. కాబట్టి చిన్న కారుకు హైడ్రోజన్ అనేది పొదుపు మార్గం కాదు, నేర్చుకునే మార్గం. ఆ నేర్చుకోవడానికి విలువ లేదా అంటే ఉంది. 2023 జనవరి 4న కేంద్ర కేబినెట్ 19,744 కోట్ల రూపాయలతో నేషనల్ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు ఓకే చెప్పింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉత్పత్తి లక్ష్యం. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐకి చెన్నైలో ప్రత్యేకంగా ఫ్యూయల్ సెల్ పరిశోధన కేంద్రమే ఉంది. ఈ రంగంలో ఇంటర్వ్యూకు వెళ్లే కుర్రాడు పొర ఎండిపోవడం అంటే ఏంటో చేత్తో చూసి ఉంటే ఆ తేడా తెలిసిపోతుంది.

ఒక హెచ్చరిక. హైడ్రోజన్ కిట్ కొనే స్తోమత లేక, ఉప్పు నీళ్లలో రెండు తీగలు ముంచి గ్యాస్ తీసే ప్రయోగాలు ఇంట్లో చేయొద్దు. ఉప్పు నీళ్లలోంచి హైడ్రోజన్‌తో పాటు వచ్చేది క్లోరిన్, అది ఊపిరితిత్తులకు విషం. హైడ్రోజన్, ఆక్సిజన్ రెండూ ఒకే సీసాలో పట్టడమైతే చేతిలో బాంబు పట్టుకున్నట్టే. గాలిలో 4 శాతం హైడ్రోజన్ ఉన్నా నిప్పురవ్వకు అంటుకుంటుంది. రేకుల గదిలో అది పైకప్పు కింద చేరి కూర్చుంటుంది.

రిమోట్ లేని రేసు కూడా ఉంది

కెమికల్ ఇంజినీరింగ్ వాళ్లకు కెమ్-ఇ-కార్ అని వేరే పోటీ ఉంది. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ ఇంజినీర్స్ 1999 నుంచి నడుపుతోంది. చెప్పుల డబ్బా అంత కారు రసాయన చర్యతోనే కదలాలి, రసాయన చర్యతోనే సరిగ్గా చెప్పిన దూరంలో ఆగాలి. బ్రేకులు వేయకూడదు, రిమోట్ ముట్టకూడదు. ఎంత దూరం, ఎంత బరువు అన్నది రేసుకు కాస్త ముందే చెబుతారు. స్పీడుతో పనే లేదు. ట్రిగ్గర్ నొక్కడంలో మజా కోరుకునేవాళ్లకు ఇది చప్పగా అనిపించవచ్చు.

బ్రేక్ నుంచి కరెంట్ వస్తుందా?

ఫార్ములా-ఈలో 40 శాతం వెనక్కి వస్తుంటే మన కారులో ఎందుకు రాదు అన్నది సహజంగా వచ్చే డౌట్. రెండు కిలోల కారు గంటకు 36 కిలోమీటర్ల స్పీడులో ఉన్నప్పుడు అందులో ఉండే చలన శక్తి 100 జౌల్స్. అంటే 0.028 వాట్-అవర్. మలుపు దగ్గర 36 నుంచి 22కు తగ్గించి, పోయిన దాంట్లో సగం వెనక్కి పట్టుకున్నారనుకున్నా 1 వాట్-అవర్ రావాలంటే వందకు పైగా మలుపులు తిరగాలి. పదిహేను నిమిషాల రేసులో దీనికోసం సర్క్యూట్ కట్టుకోవడం దండగ. గంటల తరబడి సాగే రేసులో, అదీ సూపర్ కెపాసిటర్ ఉంటే, ఆలోచించొచ్చు. దానికంటే ముందు బ్రేకే వేయాల్సిన పని లేకుండా మలుపుకు ముందే ట్రిగ్గర్ వదలడం నేర్చుకుంటే అది ఫ్రీగా వచ్చే లాభం.

బరువు తగ్గించుకోవడమూ అంతే. రెడీమేడ్ పాలీకార్బొనేట్ బాడీకి వేలు పెట్టే బదులు, ధూల్‌పేట్‌లో అచ్చు పోసే చేతులున్న వాళ్లను అడిగితే మట్టి అచ్చు మీద పల్చటి ఫైబర్ బాడీయో, పేపర్ గుజ్జు బాడీయో తయారు చేసుకోవడం ఎలాగో తెలుస్తుంది. వెదురు బద్దను ఎంత సన్నగా చీలిస్తే విరగకుండా వంగుతుందో పతంగులు కట్టేవాళ్ల కంటే బాగా చెప్పేవాళ్లు ఎవరున్నారు? ఇవి ఏ సిలబస్‌లోనూ లేవు.

స్పీడ్ కంట్రోలర్, సర్వో, రిసీవర్ లాంటివి మాత్రం పాత సామాన్లలో వెతకొద్దు. కోఠి గుజరాతీ గల్లీలో కొత్తవే దొరుకుతాయి. అక్కడికి వెళ్లినప్పుడు మోటార్ కంటే ముందు కొనాల్సింది ఒక చిన్న వాట్ మీటర్. బ్యాటరీకి, స్పీడ్ కంట్రోలర్‌కు మధ్య తగిలిస్తే కారు ఒక ల్యాపులో ఎన్ని వాట్-అవర్లు తాగిందో, గరిష్ఠంగా ఎన్ని ఆంపియర్లు లాగిందో చూపిస్తుంది. పైన వేసిన లెక్క మొత్తం 86 వాట్ల మీద నిలబడింది. మీ కారుకు అది 60 కావచ్చు, 140 కావచ్చు. హైడ్రోజన్ కావాలా, కెపాసిటర్ కావాలా అన్నది ఆ మీటర్‌లో అంకె చూశాకే తేల్చుకోవడం మంచిది.